విడుపు చెప్పని పథ్యం

మా వాసవి ఇప్పుడు నడుస్తోంది. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. ఇలాంటివి చదివేటప్పుడు పిల్ల బాగుపడిందా లేదా అని చివరి పేజీ తిప్పి చూసే చెడ్డ అలవాటు నాకుంది. మీకా శ్రమ వద్దు. నిన్న సాయంత్రం మేడమెట్లు దబదబా దిగొచ్చి, జడ వేస్తానంటే నిలబడకుండా వీధిలోకి పోయింది. వీపు మీద ఒకటి వేద్దామని చెయ్యెత్తాను గానీ, ఆ మెట్లు దిగిన చప్పుడు గుర్తొచ్చేసరికి చెయ్యి దిగిపోయింది.

మాది ఆళ్ళగడ్డ. బజారులో కిరాణా అంగడి, అంగడి వెనకే ఇల్లు, పైన మేడ. ఇంట్లోకి రావాలంటే కందిపప్పు, శనగపప్పు, పెసలు, బుడ్డల మూటల మధ్య నుంచే రావాలి. బుడ్డలంటే వేరుశనగలే, మా వైపు అట్లా అంటాం. అలాంటి ఇంట్లో పుట్టిన పిల్ల తిండిలో సరుకు లేక ఎముకలు మెత్తబడి మంచాన పడిందంటే ఎవరైనా నవ్వుతారు. నవ్వినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ మీద నాకు కోపం ఇంకా పూర్తిగా పోలేదు, అయినా ఇది రాస్తున్నది కోపంతో కాదు. ఆ నెలల్లో మా ఇంట్లో మాతో పాటు ఇంకెవరో ఉన్నారని మేమందరం నమ్మాం. నేను కూడా నమ్మాను. ఆ భయం ఎట్లా వచ్చిందో, దాని కింద అసలు ఏముందో రాసి పెట్టుకుంటే గానీ నా మనసు కుదుటపడేట్టు లేదు.

పోయిన ఏడాది ఎండాకాలం సెలవుల్లో వాసవికి పచ్చకామెర్లు వచ్చాయి. ఊళ్ళోని డాక్టరు రక్తం చూసి, భయం లేదు, విశ్రాంతిగా ఉంచండి, కొన్ని వారాల్లో దానంతటదే తగ్గుతుందన్నాడు. దానంతటదే తగ్గుతుందంటే మా అత్తకు ఏమాత్రం నచ్చలేదు.

"తగ్గేదానికి డాక్టరెందుకు? కామెర్లకు పసరు పోపియ్యాల గానీ," అని ఆమే ఓబులేసు తాతకు కబురు పంపింది.

కొండ వైపు పోయే దారిలో ఒక పల్లె ఆయనది. చుట్టుపక్కల ఎవరికి కామెర్లొచ్చినా పసరు పోసేది ఆయనే. చేతిలో చిల్లిగవ్వ పెట్టనిచ్చేవాడు కాదు. పొద్దున్నే, ఎండ ఎక్కకముందే వచ్చాడు. ఆయన నడక చూసి వాసవి నా చెంగు వెనక దాక్కుంది. మోకాళ్ళు విల్లులా బయటికి వంగిపోయి, ఒక్కో అడుగుకూ ఒళ్ళంతా ఈ పక్కకూ ఆ పక్కకూ ఊగేది. అరుగు మీద నుంచి లేవాలంటే రెండు చేతులూ తొడల మీద ఆనించి, తన ఒంటిని తానే ఎక్కుతున్నట్టు మెల్లగా పైకి లేచేవాడు. లేచిన ప్రతిసారీ "శివా" అని సన్నగా అనేవాడు.

పసరు పోశాక పిల్ల గడ్డం పట్టుకుని పథ్యం చెప్పాడు.

"ఉప్పొద్దు పాపా. నూనొద్దు, చింతపండొద్దు, పప్పొద్దు. బుడ్డలొద్దు. పాలూ పెరుగూ అసలే వొద్దు. గంజి, అన్నం, బీరకాయ, సొరకాయ. అంతే. నీ కండ్లు తెల్లగైనాక నేనే వచ్చి నా చేత్తో పప్పన్నం ముద్ద పెడతా. అది తిన్న దినం పథ్యం ఇడిసినట్టు. అంతదాకా ఎవురు పెట్టినా తినొద్దు. ఇన్నావా?"

"ఎప్పుడొస్తావ్ తాతా?"

"నువ్వు పిలిచే పన్లే. నేనే వస్తా."

పథ్యానికి ఒక విడుపు ఉంటుందని, అది మందు పోసిన మనిషి నోటితోనే రావాలని మా వైపు పట్టింపు. పెళ్ళయి ప్యాపిలి నుంచి ఇక్కడికి వచ్చినదాన్ని, నాకూ అది కొత్త కాదు. కళ్ళు తెల్లబడ్డాయి. ఒంట్లో హుషారొచ్చింది. ఓబులేసు తాత కోసం ఎదురుచూస్తుండగా ఆయన పోయాడని తెలిసింది.

మా అత్త ఆ మాట విని తక్కెడ పక్కన అట్లాగే కూలబడింది. ఆమె ఏడ్చింది ఆయన కోసం కాదు. "ఇంగ దీనికి ఇడుపు ఎవురు చెప్తారు?" అంది.

ఎవరూ చెప్పలేదు. ఇంకో పల్లెలో పసరు పోసే ఆయన్ను అడిగితే, ఒకరు కట్టిన పథ్యం నేను ముట్టనన్నాడు. మా ఆయన రెండు రోజులు మీసం దువ్వుకుంటూ ఆలోచించి, "అమ్మ చెప్పినట్టే కానీలే, కొన్నాళ్ళుంటే పోతుంది" అన్నాడు. ఇంట్లో ఏ గొడవకైనా ఆయన తీర్పు అదే. నేను ఊరుకోలేదు. శ్రావణమాసంలో ఒక పూట అత్త పేరంటానికి వెళ్ళినప్పుడు పిల్లకు గ్లాసెడు పాలు కలిపి ఇచ్చాను. తాగిన కాసేపటికే భళ్ళున కక్కేసింది. ఆ సాయంత్రం దీపం వెలుగులో చూస్తే కళ్ళు పచ్చగా ఉన్నట్టే తోచాయి. తెల్లారి చూస్తే తెల్లగానే ఉన్నాయి. అయినా ఆ రాత్రి నాకు పట్టిన భయం తెల్లవారినా వదల్లేదు. ఇన్ని నెలలుగా పాలు ఎరుగని కడుపు ఒక్కసారిగా పోస్తే ఎదురు తిరిగిందని తర్వాత నంద్యాలలో చూపించిన డాక్టరమ్మ చెప్పింది. అప్పుడు మాత్రం పోయిన ఓబులేసు తాతే ఒప్పుకోవడం లేదనిపించింది.

అట్లా పథ్యం సాగింది. చప్పిడి తిండికి పిల్లకు కడుపులో మంట మొదలైంది. మందుల అంగడిలో అడిగితే తెల్లటి చిక్కటి మందు సీసా ఇచ్చారు. పుదీనా వాసన, తియ్యగా ఉంటుంది. ఉప్పూ కారం లేని నోటికి అదొక్కటే రుచి. ఒక చెంచా పోస్తే ఇంకో చెంచా అడిగేది. నేను చూడనప్పుడు సీసా ఎత్తి తాగేది కూడా. సీసా తర్వాత సీసా వచ్చింది. కడుపు మంటకే కదా, మంచిదేలే అనుకున్నాం.

వాసవికి అది సాగే వయసు. ఆ ఏడాది గౌన్లన్నీ పొట్టివైపోయాయి. పొడుగవుతోందని మురిసిపోయాం. కాళ్ళు నొప్పులంటే ఎదిగే పిల్లలకు ఉంటాయిలే అన్నాం. బడిలో ఆటలకు లేవడం లేదని టీచరు చెప్పింది. భాద్రపదం వచ్చేసరికి ముట్టుకుంటే ఏడ్చేది. చంకల కింద చేతులేసి ఎత్తితే కెవ్వుమనేది. ఏమైందే అంటే, అది చెప్పిన మాట ఇది:

"తాత కాళ్ళ మీద కూర్చున్నాడమ్మా. లెయ్యమను. బరువుగా ఉండాడు."

ఎవరే తాత అని అడగలేదు. అడిగితే పేరు చెబుతుందేమోనని భయం.

ఆ నెలలోనే ఒక మధ్యాహ్నం. అంగడి తలుపు సగం దించి మా ఆయన సరుకుకు వెళ్ళాడు. బజారంతా ఎండకు అణిగిపోయి ఉంది. నేనూ అత్తా ఫ్యాను కింద బండల మీద పడుకున్నాం. పైన మేడ మీద నుంచి అడుగుల చప్పుడు. ఒక అడుగు బరువుగా దిగుతోంది, ఇంకోటి ఈడ్చుకుంటూ వస్తోంది. బరువు, ఈడ్పు, మళ్ళీ బరువు. ఆగింది. మళ్ళీ మొదలైంది.

అత్త నా మణికట్టు పట్టుకుంది. చెయ్యి చల్లగా ఉంది. "ఇన్నావా?"

"వాసవి పైన ఉందత్తా."

"వాసవి నడక నాకు తెల్దా? అది పిల్ల నడక కాదు."

ఇద్దరం ఒకరినొకరం పట్టుకుని మెట్లెక్కాం. మేడ మీద తెల్లటి ఎండ, కళ్ళు తెరవలేకపోయాం. ఆ ఎండలో మాకు వీపు చూపిస్తూ నా కూతురు నడుస్తోంది. ఒళ్ళంతా ఈ పక్కకూ ఆ పక్కకూ ఊగుతోంది. మోకాళ్ళు బయటికి వంగాయి. నీళ్ళ ట్యాంకు దాకా పోయి, దాని నీడలో చతికిలబడింది. తర్వాత లేవడానికి రెండు చేతులూ తొడల మీద ఆనించి, కొంచెం కొంచెంగా తన ఒంటిని తానే ఎక్కుతూ పైకి లేచింది.

లేచి, "శివా" అంది.

మా అత్త కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ మాట పిల్ల ఆయన దగ్గర విని పట్టుకుందని ఇప్పుడు తెలుసు. ఆ నడక ఎముకల్లో బలం లేక వచ్చిందనీ తెలుసు. ఆ మధ్యాహ్నం మాకేమీ తెలియదు. తొమ్మిదేళ్ళ పిల్లలో చచ్చిపోయిన ముసలాయన లేచి నిలబడ్డట్టుంది.

"వాసూ, ఎందుకట్లా నడుస్తున్నావే?" అన్నాను.

"నేను కాదమ్మా నడిచేది. తాత నడిపిస్తాండాడు," అంది, అన్నం పెట్టమన్నంత మామూలుగా.

దసరా నాటికి మా ఇల్లు ఇల్లులా లేదు. అత్త పిల్లను చూస్తే దండం పెట్టేది. అది చూసి నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. తాయెత్తులు కట్టించారు. గుమ్మానికి నిమ్మకాయలు వేలాడదీశారు. మహానంది తీసుకెళితే గుడి మెట్ల దగ్గర పిల్ల ఏడుస్తూ కూర్చుంది, మా ఆయన భుజాన వేసుకుని తిరిగొచ్చాడు. ఊళ్ళో డాక్టరు కాల్షియం టానిక్ రాశాడు. తాగించాం. ఏమీ మారలేదు. టానిక్‌తో తగ్గనిది రోగం కాదని అత్త తేల్చేసింది. నేనూ మా ఆయనా పిల్ల ముందే కొట్లాడుకున్నాం. ఆయన మీ అమ్మగారింటి పోలికలన్నాడు, నేను మీ అమ్మ మొండితనమన్నాను. వంకర కాళ్ళకూ ఆ రెండింటికీ సంబంధం ఏమిటో ఇప్పటికీ మా ఇద్దరికీ తెలియదు. పిల్ల మాత్రం గోడ వైపు తిరిగి పడుకుని ఆ పుదీనా మందు సీసా గుండెలకు హత్తుకునేది.

కార్తీకంలో ఒక పొద్దున తను మంచం దిగలేకపోయింది. కాలు కింద పెట్టగానే మడత పడ్డట్టు కూలిపోయింది. ఇక అత్తతో వాదించలేదు. మా ఆయన్ను కూడా అడగలేదు. పిల్లను చంకనేసుకుని బస్‌స్టాండుకు బయలుదేరాను. నా మొహంలో ఏం చూశారో గానీ, తల్లీకొడుకులిద్దరూ అంగడి మూసి నా వెనకే నంద్యాల బస్సెక్కారు.

ఆసుపత్రిలో వేచి ఉండే గది నిండా పిల్లలే. కట్లు కట్టిన కాళ్ళు, వంగిన చేతులు. మా పక్క కుర్చీలో ఒకామె తన కొడుక్కి డబ్బాలోంచి బొరుగుల ఉగ్గాని తినిపిస్తోంది. పోపు వాసన, వేయించిన పప్పుల వాసన. వాసవి కళ్ళు ఆ డబ్బా మీదే ఉన్నాయి. ఆమె అది గమనించి ఒక ముద్ద చాపింది.

"తిను బంగారూ."

వాసవి అడ్డంగా తలూపింది. "నాకు పథ్యం. ఇడుపు చెప్పలే."

"ఎవురు చెప్పాల?"

"ఆయన సచ్చిపోయినాడు."

ఆమె చెయ్యి గాలిలో ఆగిపోయింది. వెనక్కి తీసుకుంటూ కొడుకును దగ్గరికి లాక్కుంది. మమ్మల్ని చూసి జనం జరిగి కూర్చోవడం అప్పటికి మాకు అలవాటే. నేను తల దించుకున్నాను. కాసేపటికి ఎడమచెయ్యి ఒకటి వచ్చి నా పిల్ల తల నిమిరింది. ఆమెదే. మా పేరు పిలిచేదాకా అట్లా నిమురుతూనే ఉంది. ఆమె ఊరు కూడా అడగలేదు నేను. ఆ రోజు నేను నిలబడగలిగానంటే ఆ చేతి వల్లే.

పిల్లల ఎముకలు చూసే డాక్టరమ్మ ఎక్స్‌రేలు తీయించింది, రక్తం పరీక్షకు పంపించింది. సాయంత్రం మళ్ళీ పిలిచి మణికట్టు ఫోటో వెలుగుకు పెట్టి చూపించింది. గట్టిగా గీత గీసినట్టు ఉండాల్సిన ఎముక అంచు పీచుపీచుగా చెదిరి, పొగలా కనిపించింది. నా పిల్ల చివర్ల నుంచి కరిగిపోతున్నట్టు అనిపించింది.

"ఏం తింటుందమ్మా?"

మా అత్త ముందుకొచ్చి పథ్యమంతా పొల్లుపోకుండా అప్పజెప్పింది. ఇంత నిష్ఠగా ఎవరూ చెయ్యలేరన్నట్టుంది ఆ చెప్పడం.

"పప్పు?"

"ల్యా."

"పాలు, పెరుగు?"

"ముట్టనీలే."

"పెసలు, అలసందలు, వేరుశనగలు? మీరు గుడ్డూ మాంసం తినరు కదా?"

"తినము. అవన్నీ ల్యా."

"ఎన్నాళ్ళ నుంచి?"

ఎండాకాలం నుంచి అని నేను చెప్పాను. డాక్టరమ్మ రాస్తున్న పెన్ను కింద పెట్టింది. ఇంకేమైనా మందు వాడుతున్నారా అని అడిగితే, మేం ఆలోచించేలోపు వాసవే నా సంచిలో చెయ్యి పెట్టి పుదీనా సీసా తీసి బల్ల మీద పెట్టింది. "ఇది నాది," అంది. డాక్టరమ్మ ఆ సీసా మీది అక్షరాలు చదివి, పిల్లను చూసి, మళ్ళీ సీసా చూసింది.

"భాస్వరం అంటే తెలుసా?" అని మా ఆయన్ను అడిగింది.

"చేనుకేసేది గదా మేడం. డీఏపీలో ఉంటాది."

"అదే. పిల్లకూ అది కావాలి, కంచంలోంచి. ఎముక గట్టిపడాలంటే కాల్షియం ఒక్కటే చాలదు, భాస్వరం తోడవ్వాలి. అందుకే మీ టానిక్ పని చెయ్యలేదు. ఎదిగే పిల్ల. ఎముక సాగుతోంది, గట్టిపడడానికి సరుకు లేదు. పప్పులు, పాలు, పెరుగు, వేరుశనగలు, అది దొరికేవన్నీ మీరు ఆపేశారు. అన్నంలో ఉన్న కాస్తనూ ఈ మందు కడుపులోనే పట్టేసి బయటికి తోసేసింది. కడుపు మంటకు నాలుగు రోజులు తాగేది, నెలల తరబడి తాగితే అట్లాగే చేస్తుంది."

"మరి... దీని కాళ్ళ మీద కూర్చున్నాడనే ఆ తాత?" అన్నాను. నోరు జారింది.

ఆమె నవ్వలేదు. "కాళ్ళ మీద కూర్చున్నాడందా? ఎముక నొప్పి అట్లాగే ఉంటుందమ్మా, ఎవరో బరువుగా నొక్కినట్టు. పిల్ల అబద్ధం చెప్పలేదు, తనకు తెలిసిన పేరు పెట్టింది. మామూలుగా పప్పన్నం, పెరుగన్నం తినే పిల్లలకు ఈ కొరత రాదు. తినిపించండి. కాళ్ళు కూడా చాలావరకు సర్దుకుంటాయి. ఆలస్యం చేస్తే మాత్రం వంకర ఉండిపోతుంది."

నీళ్ళలో కలిపి తాగించే ఉప్పు మందు ఒకటి రాసింది, సీసా మందు ఆపేయమంది. తిరుగు బస్సులో సగం దూరం వచ్చాక మా ఆయన కిటికీలోంచి చూస్తూ, "మా బళ్ళో అయివారు చెప్పినాడు. కొరివి దెయ్యాలంటే దెయ్యాలు కాదు, బొమికల్లో భాస్వరం మండేది అని," అన్నాడు.

మా అత్త చిన్నప్పుడు పొలాల్లో కొరివి దెయ్యాన్ని కళ్ళారా చూసిన మనిషి. ఆ కథ చెప్పి మమ్మల్ని ఎన్నిసార్లు భయపెట్టిందో. ఇప్పుడు ఒళ్ళో నిద్రపోతున్న పిల్ల కాళ్ళు తడుముతూ అంది. "సచ్చినోళ్ళ బొమికల్లో గూడా అంత మంట ఉంటాదా? మన పిల్ల బొమికల్లో అదీ ల్యాకపాయనా?"

ఆమె భయం చోటు మారింది, అంతే. కానీ ఆ రాత్రి నుంచి దండాలు పెట్టడం మానేసింది.

ఇక కష్టం తీరిందనుకున్నాను. ముద్దపప్పు, నెయ్యి, వేడన్నం కలిపి పళ్ళెం ముందు పెట్టాను. వాసవి నోరు బిగించుకుంది. బతిమాలాను, తిట్టాను, ముక్కు మూసి కుక్కాను. ఉమ్మేసింది. ఉప్పు మందు తాగుతుంది, అది మందు కాబట్టి. తిండి మాత్రం ముట్టదు.

"తాత పెట్టాల. నేనే వస్తానన్నాడు. ఎవురు పెట్టినా తినొద్దన్నాడు," అని ఒకటే మాట.

మా ఆయన చెయ్యెత్తాడు, ఎత్తిన చెయ్యి దించి ఏడ్చాడు. ఆయన ఏడవగా నేను చూడ్డం అదే మొదటిసారి. ఇన్నాళ్ళూ మేం పెట్టిన భయం పిల్లలో ఎంత లోతుకు దిగిందో అప్పుడర్థమైంది. డాక్టరమ్మ చెప్పిన ఆలస్యం మాట నా తలలో తిరుగుతూనే ఉంది. కాళ్ళు వంకరగా ఉండిపోతే, పెద్దయ్యాక అది ప్రతి అడుగుకూ మా పథ్యాన్నే మోస్తుంది.

మర్నాడు పొద్దున మా అత్త చీర మార్చుకుని, "ఆటో పిలువు," అంది. "యాడికత్తా?" అంటే, "ఆయప్ప ఇంటికి. కట్టినోడు ల్యాకపోతే ఆయప్ప ఇంట్లోవాళ్ళన్నా ఇప్పాల గదా." అంది.

ఆ పల్లెలో ఆయనది చిన్న బండల మిద్దె. ఎండ అప్పటికే చురుక్కుమంటోంది. పిలిస్తే లోపల చీకట్లోంచి అడుగుల చప్పుడు వినిపించింది. ఒకటి బరువుగా, ఇంకోటి ఈడ్చుకుంటూ. అత్త నా భుజం పట్టుకుంది. గుమ్మంలోకి ఊగుతూ వచ్చింది ఆయన భార్య లచ్చుమమ్మ. అచ్చం అదే నడక.

విషయమంతా చెప్పాం. ఆమె అరుగు మీద మెల్లగా కూర్చుని, మోకాళ్ళు ఒత్తుకుంది.

"మీ పాప సంగతి చెప్పినాడమ్మా," అంది. "మంచంలో ఉన్నాడు. పక్కకు తిరిగితే తొడ బొమిక ఇరిగింది. అప్పుడు గూడా, ఆళ్ళగడ్డ అంగడోళ్ళ పాపకు ముద్ద పెట్టి రావాల, ఎట్లన్నా లేసి పోవాల, అంటాండె. లెయ్యలే."

"ఆయనకు ఆ కాళ్ళు ముందు నుంచీ అంతేనా?" అనడిగాను.

"యాడిది! నన్ను పెండ్లి చేసుకున్న కొత్తల్లో ఎద్దుల ఎనక పరిగెత్తేవాడు. పసరు పోసుడు పట్టినాక ఇట్లాయె. పోసినోడు గూడా పథ్యం ఉండాలంట. ల్యాకుంటే మందు పారదంట. ఒకరికి ఇడుపు చెప్పేలోపల ఇంగొకరు వస్తారు. వాళ్ళ పథ్యం తిరగా మొదలు. పప్పు మొగం చూడకుండానే పోయినాడు మనిషి."

"మరి నువ్వు?" అంది మా అత్త.

"మొగుడు గంజి తాగుతాంటే నేను ఉప్పూ పప్పూ తింటే గొంతు దిగుతాదా?"

తర్వాత ఆమెను కూడా నంద్యాలకు తీసుకెళ్ళాం. ఆయన్ను చూడకుండా ఆయన రోగం చెప్పలేనని డాక్టరమ్మ అంది. ఈమె ఎముకలు చూసి మాత్రం, ఇన్నేళ్ళు ఎట్లా నడిచావమ్మా అని ఆశ్చర్యపోయింది. నాకు ఓబులేసు తాత మీద ఉన్న కోపం ఆ అరుగు దగ్గరే పోయింది. అయినా ఒక్క మాట చెప్పి తీరాలి. మీ ఇంట్లో కామెర్లొచ్చిన పిల్ల ఉంటే, పథ్యం ఎవరు పెట్టినా, ఎదిగే పిల్ల కంచంలోంచి పప్పూ పాలూ తీసేయడానికి ఒప్పుకోవద్దు. కడుపు మంట మందు డాక్టరు చెప్పినన్నాళ్ళే పోయండి. పిల్ల ఎవరో కాళ్ళ మీద కూర్చున్నారని చెబితే నిమ్మకాయ కోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళండి. మాకు నెలలు పట్టింది. వాసవి నొప్పి తగ్గడానికే చలికాలం గడిచింది. ఎక్స్‌రేలో ఆ పొగ అంచు మళ్ళీ గీతగా మారేసరికి శివరాత్రి దాటింది.

మేం వాళ్ళింటికి వెళ్ళిన ఆ రోజే లచ్చుమమ్మ మా ఆటోలో వచ్చింది. మూటల మధ్య నుంచి ఊగుతూ లోపలికి వస్తుంటే మంచం మీద వాసవి లేచి కూర్చుంది. నేనైతే పిల్ల జడుసుకుంటుందని దగ్గరికి పరిగెత్తాను. అది జడుసుకోలేదు. ఆమె నడకనే చూస్తోంది.

"తాత వచ్చినాడా?"

"తాత రాలేడు పాపా. నన్ను పొమ్మన్నాడు."

లచ్చుమమ్మ చేతులు కడుక్కుని పళ్ళెం ముందు కూర్చుంది. పప్పన్నం కలిపి ముద్ద చేసింది. వాసవి ఆ ముద్దను, ఆమె మొహాన్ని మార్చి మార్చి చూసింది. నోరు తెరిచింది. నమిలింది. ఎన్నాళ్ళకో ఉప్పు తగిలి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మింగి, "ఇంగొకటి," అంది.

పళ్ళెం ఖాళీ అయ్యేదాకా లచ్చుమమ్మే తినిపించింది. మా అత్త ఇంకో పళ్ళెంలో పప్పన్నం పెట్టి ఆమె ముందుకు జరిపింది. "నువ్వూ తినమ్మా."

లచ్చుమమ్మ పళ్ళెం వంక చూసి చేతులు ఒళ్ళో పెట్టుకుంది. "నాకు ఇడుపు చెప్పేటోడు పోయినాడు గదమ్మా."

వాసవి మంచం మీద నుంచి జరిగి జరిగి అంచుకు వచ్చింది. కాళ్ళు వేలాడేసి, పళ్ళెంలో చెయ్యి పెట్టి, మెతుకులు రాలిపోతుండగా చిన్న ముద్ద చేసింది.

"నేను చెప్తాండా అవ్వా. తిను."

ముసలామె ఆ చేతిని చూసింది. వంగి నోరు తెరిచింది. చాలాసేపు నమిలింది, పళ్ళు సరిగా లేవు. మింగి, కొంగుతో మూతి తుడుచుకుని, మా అత్త వైపు తిరిగింది.

"ఉప్పెక్కువేసినావమ్మా," అంది.

ఉప్పు సరిగ్గానే ఉంది. పప్పు దించేటప్పుడు నేనే రుచి చూశాను.